పట్టుకుంటే వదలని స్క్రూ: కట్టెలు చీల్చే మిషన్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేము చాలా ఏళ్ళుగా పెళ్ళి వంటల కాంట్రాక్టులు చేస్తున్నాము. ముహూర్తాలు వరుసగా ఉన్న రోజుల్లో రోజుకు మూడు నాలుగు క్వింటాళ్ళ కట్టెలు కావాలి. ఇంతకాలం గొడ్డలి పట్టిన మనిషికి భుజం పట్టేసింది, కొత్తవాళ్ళు ఆ పనికి రావడం లేదు. బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ చేసే ఒకాయన 3 హెచ్‌పీ మోటారుతో స్క్రూ మిషన్ చేసి ఇస్తానంటున్నారు. హైడ్రాలిక్ మిషన్ (నూనె ఒత్తిడితో ఇనుప ఆకును దుంగలోకి నెట్టేది) ధరలో సగానికే వస్తుందట. వీడియోల్లో చూస్తే దుంగను ఆనించగానే రెండు ముక్కలవుతోంది. తీసుకోవచ్చా?
(ఒక పాఠకుడు, మలక్‌పేట)

జవాబు: మీరు వీడియోలో చూసింది అబద్ధం కాదు. నార తిన్నగా ఉండి, కణుపులు లేని సుబాబుల్ దుంగనో, సన్నపాటి తుమ్మ దుంగనో ఇస్తే స్క్రూ మిషన్ మూడు నాలుగు సెకన్లలో చీల్చేస్తుంది. అది పనిచేసే తీరు తెలిస్తే దాని లాభమూ, దాని ప్రమాదమూ ఒకే చోట నుంచి వస్తున్నాయని మీకే అర్థమవుతుంది.

ఇందులో ఉండేది శంఖం ఆకారంలో, మొన దగ్గర సన్నగా, మొదలు దగ్గర లావుగా ఉండే ఉక్కు కోను. దాని ఒంటినిండా మర చుట్లు ఉంటాయి. మొన దుంగలోకి దిగగానే ఆ చుట్లే దుంగను తమవైపు లాక్కుంటాయి, లాక్కునేకొద్దీ కోను లావెక్కుతుంది కాబట్టి నార విడిపోయి దుంగ పగులుతుంది. మనిషి నెట్టవలసిన అవసరమే లేదు. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మామూలు మోటారుకు 3 అంగుళాల పుల్లీ, కోను ఇరుసుకు 12 అంగుళాల పుల్లీ పెడితే కోను నిమిషానికి 360 చుట్లు, అంటే సెకనుకు ఆరు చుట్లు తిరుగుతుంది. మర చుట్ల మధ్య దూరం 8 మిల్లీమీటర్లయితే సెకనుకు సుమారు 5 సెంటీమీటర్ల లోతున అది చెక్కలోకి దిగుతుంది.

ఇప్పుడు అదే లెక్కను చెక్క బదులు బట్టతో చేసి చూడండి. కోను మొదలు దగ్గర వ్యాసం 80 మిల్లీమీటర్లు ఉంటే దాని చుట్టుకొలత 25 సెంటీమీటర్లు. సెకనుకు ఆరు చుట్లంటే మీటరున్నర బట్ట. మీ మనిషి మెడలో వేసుకున్న తువ్వాలు కొస ఒక్కటి మరకు తగిలిందంటే ఆ తువ్వాలు మొత్తం ఒకటి రెండు సెకన్లలో కోనుకు చుట్టుకుంటుంది. 3 హెచ్‌పీ మోటారు ఆ వేగంలో కోను అంచు దగ్గర ఇచ్చే లాగుడు లెక్క ప్రకారం దాదాపు 150 కిలోలు. ఏదో తగిలిందని మెదడుకు తెలిసి చెయ్యి కదలడానికే పావు సెకను పడుతుంది, ఆ చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళేసరికి జరగవలసింది జరిగిపోతుంది. పిండి గిర్నీ బెల్టులో చున్నీ పడితే ఏమవుతుందో, చెరకు రసం మిషన్‌లో జడ పడితే ఏమవుతుందో మన ఊళ్ళో తెలియనివారు లేరు. ఆ బెల్టుకైనా తొడుగు వేయవచ్చు. కట్టె తగలవలసిన స్క్రూ మొనకు పని జరుగుతున్నంతసేపూ తొడుగు వేయడం సాధ్యం కాదు.

హైడ్రాలిక్ మిషన్‌తో దీనికి ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. సరిగా తయారైన హైడ్రాలిక్ మిషన్‌కు రెండు పిడులు ఉంటాయి. రెండు చేతులతో రెండింటినీ నొక్కి పట్టుకుంటేనే ఇనుప ఆకు ముందుకు కదులుతుంది, ఏ ఒక్కటి వదిలినా ఆగిపోతుంది. అంటే మిషన్ కదులుతున్నంతసేపూ నడిపేవాడి రెండు చేతులూ పిడుల మీదే ఉంటాయి. స్క్రూ మిషన్‌లో అలా కుదరదు. అక్కడ దుంగను పట్టుకునేది చేతులే, కోను మాత్రం దుంగ ఉన్నా లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. ఐరోపాలో కట్టెలు చీల్చే మిషన్ల భద్రతకు ఈఎన్ 609 అనే ప్రమాణం ఉంది. అందులో ఆకుతో చీల్చే మిషన్లకు ఒక భాగం, స్క్రూ మిషన్లకు వేరుగా మరొక భాగం రాసుకున్నారు. రెంటి ప్రమాదాలు ఒక కోవకు చెందినవి కావు కాబట్టే ఆ విభజన.

బట్ట చుట్టుకోవడం ఒక్కటే కాదు, దుంగ తిరగబడడం రెండవ ప్రమాదం. కోను దుంగలోకి దిగి, దుంగ పగలకపోతే, మోటారు ఇక దుంగనే తిప్పడానికి చూస్తుంది. దుంగ బల్ల మీద అడ్డంగా పడుకుని ఉండి, కోను దాని నారకు అడ్డంగా దిగుతున్నప్పుడు దుంగ ఒక కొస బల్లను అదిమిపట్టి ఆ తిరుగుడును ఆపుతుంది. పొడవు కన్న లావు ఎక్కువగా ఉన్న పొట్టి దిమ్మలకు అలా ఆపే కొస ఉండదు. దుంగ కోసిన ముఖాన్ని, అంటే ఏటి వలయాలు కనిపించే వైపును కోనుకు ఆనించినా అంతే. అప్పుడు పది పదిహేను కిలోల దిమ్మ సెకనుకు ఆరు చుట్లు తిరుగుతూ మోకాళ్ళకో, పొట్టకో వచ్చి తగులుతుంది. దుంగ కొసకు, బల్లకు మధ్య వేళ్ళు పెట్టినవారికి అవి నలిగిపోతాయి.

మూడవ ప్రమాదమే అన్నిటికన్న మామూలుగా, అమాయకంగా కనిపించేది. తుమ్మలోనూ వేపలోనూ దుంగ పగిలినా రెండు ముక్కలను పట్టి ఉంచే నారపోగులు కొన్ని మిగిలిపోతాయి. గొడ్డలి పని అలవాటైనవాడు ఏం చేస్తాడు? ఆ పగులులో వేళ్ళు పెట్టి రెండువైపులకూ లాగుతాడు. ఆ పగులు లోపలే కోను తిరుగుతూ ఉంటుంది.

ఇక మీ అవసరం సంగతి. మీ పనిలో కట్టెలన్నీ చీల్చవలసినవేనా అని ముందు చూసుకోండి. బిర్యానీ ఎసరు త్వరగా మరగడానికి మణికట్టు లావు పేళ్ళు కావాలి. గంటల తరబడి సన్నని సెగ కావలసిన హలీం బట్టీకి, పాయాకు మందపాటి దుంగలే నయం. నాకు తెలిసిన వంటవాళ్ళు వచ్చిన లోడులో సగానికి మించి చీల్చరు. మీ లెక్క కూడా అంతే అయితే రోజుకు రెండు క్వింటాళ్ళకు సింగిల్ ఫేజ్ కరెంటుతో నడిచే 5 నుంచి 7 టన్నుల చిన్న హైడ్రాలిక్ మిషన్ సరిపోతుంది. దుంగకు పది పదిహేను సెకన్లు పడితే పడనివ్వండి. పెళ్ళి వంటల షెడ్డులో ఈరోజు ఉన్న మనిషి రేపు ఉండడు, రాత్రి రెండు గంటలకు నిద్రకళ్ళతో పని జరుగుతుంది, లుంగీలు, తువ్వాళ్ళు, కూరగాయలు తరిగే ఆడవాళ్ళ కొంగులు అక్కడే తిరుగుతుంటాయి. అలాంటి చోట స్క్రూ మిషన్ వద్దనే నా సలహా. ధరలో సగం మిగులుతుందన్న మాట నిజమే కావచ్చు, ఆ మిగులు కోసం ఆ మిషన్‌ను అక్కడ పెట్టనని మాత్రం చెప్పగలను.

ప్రశ్న: మాది ఎల్బీ నగర్ దగ్గర కట్టెల అడితి. మావారు స్క్రూ మిషన్ కొని ఏడాది దాటింది. కిందటి నెల పనివాడి భుజం మీది కండువా మరలో పడింది. పాత బట్ట కావడంతో చిరిగిపోయి అతడు బయటపడ్డాడు. అప్పటి నుంచి మందపాటి తోలు గ్లవ్స్ ఇచ్చి పని చేయిస్తున్నాము. ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా? మిషన్ తీసేయమంటే మావారు వినరు.
(ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందుగా ఆ గ్లవ్స్ తీయించండి. దుంగలు ఎత్తి పేర్చేటప్పుడు గ్లవ్స్ మంచివే. తిరిగే ఇరుసు దగ్గర మాత్రం అవి చేతిని కాపాడవు, చేతిని లోపలికి పంపిస్తాయి. ఒట్టి వేలికి మర తగిలితే చర్మం లేచిపోవచ్చు. తోలు చిరగదు కాబట్టి గ్లవ్ పట్టుబడితే వేలితోపాటు మణికట్టూ పోతుంది. మీవాడి ప్రాణం నిలబెట్టింది పాత కండువా చిరిగిపోయే గుణమే.

నేను మిషన్ షాపులో చేరిన తొలి ఏడాది నా పక్క లేత్ మీద పనిచేసే సీనియరు, తిరుగుతున్న రాడ్డును గుప్పెడు కాటన్ వేస్టుతో తుడుస్తుండగా చూశాను. ఆ గుప్పెట్లోంచి వేలాడుతున్న దారం పోగు ఒకటి రాడ్డుకు తగిలింది. దారమే కదా, తెగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. అది ఒక చుట్టు తిరిగి పక్క పోగును పట్టుకుంది, ఆ రెండూ కలిసి ఇంకొన్నిటిని పట్టుకున్నాయి. ఆయన గుప్పెట విప్పేలోగా చూపుడు వేలు లేదు. స్విచ్చు ఆయన మోచేతికి జానెడు దూరంలోనే ఉంది. ఆ తరువాత ముప్పై ఏళ్ళలో నేను పొడుగు చేతుల చొక్కా వేసుకుని మిషన్ దగ్గరికి వెళ్ళలేదు.

బట్టల విషయంలో కచ్చితంగా ఉండండి. బిగుతైన పొట్టి చేతుల బనియను లేదా చొక్కా, ప్యాంటు, కాళ్ళకు బూట్లు. కండువా, లుంగీ, మెడలో తాయెత్తు, చేతికి కడియం, మొలకు వేలాడే తాళంచెవులు ఏవీ ఉండకూడదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, కదులుతున్న యంత్రాన్ని పరీక్షించడమో, దానికి నూనె వేయడమో చేయవలసి వస్తే ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు బిగుతైన దుస్తులతోనే చేయాలని, ఆ దుస్తులు యజమానే ఇవ్వాలని 22వ సెక్షన్‌లో రాశారు. మీ అడితి ఫ్యాక్టరీ కింద లెక్కకు వచ్చినా రాకపోయినా, రెండు జతల బట్టలు కుట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు.

కరెంటు వైపు చేయించవలసినవి ఇంకా ముఖ్యం. గోడమీది మామూలు స్విచ్చుతో మోటారు నడుపుతుంటే రేపే మార్పించండి. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు తనంతట తాను మొదలుకాని స్టార్టరు పెట్టించండి. నో వోల్ట్ కాయిల్ ఉన్న డీఓఎల్ స్టార్టరు అని అడిగితే రాణిగంజ్ దుకాణాల్లో ఇస్తారు. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టే అలవాటు మన రైతుల్లో ఎంతగా పాతుకుపోయిందో, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చిన సందర్భంలో వాటిని తీయించడానికి తెలంగాణలో ఎంత ప్రచారం చేయవలసి వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. బోరు తనంతట తాను మొదలైతే నీళ్ళు వృథా అవుతాయి. ఇరుక్కున్న దుంగను చేత్తో కదుపుతుండగా స్క్రూ మొదలైతే ఏమవుతుందో నేను రాయనక్కరలేదు.

నడిపేవాడు ఎక్కడ నిలబడతాడో చూసి, అతడి మోకాలు సులువుగా తగిలే ఎత్తులో అడ్డంగా ఒక కడ్డీ పెట్టి, అది నొక్కుకోగానే మోటారు ఆగేలా వైరింగ్ చేయించండి. చేతులు రెండూ దుంగ మీద ఉన్నవాడికి ఎర్ర బటన్ ఎంత దగ్గరగా ఉన్నా అందదు, మోకాలు మాత్రం ఖాళీగానే ఉంటుంది. మోటారు ఆగినా పెద్ద పుల్లీ బరువుకు కోను కొన్ని సెకన్లపాటు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బ్రేకు ఉన్న మోటారైతే మరీ మంచిది. త్రీ ఫేజ్ మోటారైతే వెనక్కి తిప్పే స్విచ్చు కూడా పెట్టించండి. దుంగ ఇరుక్కుంటే ఆపి, వెనక్కి తిప్పి తీయాలి. కాలితో తన్ని వదిలించాలని చూసినవాడి ప్యాంటు కాలే మొదట పట్టుబడుతుంది. కోను కింద బల్లకు వెల్డింగ్ చేసిన నిలువు పలక ఉందో లేదో చూడండి. దుంగ తిరగబడకుండా ఆపేది అదే, అది లేకపోతే వేయించేదాకా మిషన్ నడపవద్దు. బెల్టుకు, పుల్లీలకు జాలీ తొడుగు ఉండాలి, బాడీకి ఎర్తింగ్ ఉండాలి. మిషన్ చుట్టూ రెండు మీటర్ల మేర సున్నంతో గీత గీయించి, నడిచేటప్పుడు అందులో ఒక్కడే ఉండాలని మీవారికి కాదు, పనివాళ్ళకు చెప్పండి. వాళ్ళు వింటారు, ప్రమాదాన్ని కళ్ళతో చూసినవాళ్ళు కదా.

ప్రశ్న: చేవెళ్ళ దగ్గర మాకు తోట ఉంది. ట్రాక్టరు పీటీఓకు (పనిముట్లను తిప్పడానికి ట్రాక్టరు వెనుక ఉండే ఇరుసుకు) స్క్రూ కోను బిగించుకుంటే కరెంటుతో పని లేకుండా కట్టెలు చీల్చుకోవచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు. మంచి ఆలోచనేనా?

జవాబు: పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. దాని వెనుక ఉన్నది మూడు హెచ్‌పీ కాదు, నలభై పైచిలుకు. ఎలక్ట్రిక్ మోటారు ఇరుక్కుంటే మొరాయిస్తుంది, బెల్టు జారుతుంది, ఫ్యూజు పోతుంది. ట్రాక్టరు ఇంజనుకు మనిషి చెయ్యి అడ్డుపడిందన్న సంగతి కూడా తెలియదు. పైగా ఆపే లివరు ముందు సీటు దగ్గర, పనిచేసే మనిషి వెనుక. చమురు సంక్షోభం వచ్చిన 1970ల్లో అమెరికాలో ఇలాంటి కోనులను కారు వెనుక చక్రం తీసేసి ఆ హబ్బుకే బిగించుకుని కట్టెలు చీల్చుకున్నవారు ఉన్నారు. జాకీ మీద నిలబెట్టిన కారు, గేరులో ఇంజను, డ్రైవరు సీటులో ఎవరూ ఉండరు. ఒక చక్రం నేలమీద ఉంటే లేచిన వైపు హబ్బు డిఫరెన్షియల్ (ఇంజను తిప్పుడును రెండు చక్రాలకూ పంచే గేర్లు) వల్ల రెట్టింపు వేగంతో తిరుగుతుంది. మీ మిత్రుడి ఆలోచన దానికి తమ్ముడు. తోటకు ఏడాదికి కావలసిన కట్టెలు ఎన్ని? నాలుగు కిలోల సమ్మెట, పగులులో దిగగొట్టే రెండు ఇనుప మేకులు (వెడ్జులు), ఒక మంచి గొడ్డలి కొనుక్కోండి. నీలగిరి దుంగలైతే పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి ఎండబెట్టండి, ఎండినాక అవి మొండికేస్తాయి.

ప్రశ్న: చేతి డ్రిల్లుకు బిగించే 32, 42 మిల్లీమీటర్ల కట్టెల కోనులు ఆన్‌లైన్‌లో చవకగా వస్తున్నాయి. ఫామ్‌హౌస్‌లో చలిమంటకు పనికివస్తాయా?

జవాబు: చితుకుల వంటి ఎండు పేళ్ళకు పనికివస్తాయి, వాటిని చేత్తోనే విరవవచ్చు. కాస్త లావు దుంగలో కోను ఇరుక్కోగానే డ్రిల్లు తిరగడం మొదలుపెడుతుంది. ట్రిగ్గరు లాక్ వేసి ఉంటే మీ మణికట్టు మెలిపడుతుంది. పార్సెలు ఇంకా విప్పకపోతే వాపసు పంపండి.

ప్రశ్న: మా పెరట్లో గాలివానకు పడిపోయిన చింతచెట్టు మొదలు ఉంది. గొడ్డలికి లొంగడం లేదు. స్క్రూ మిషన్ ఉన్నవాళ్ళను పిలిపించమంటారా?
(ఒక పాఠకురాలు, అల్వాల్)

జవాబు: పిలిపించవద్దు. చింత నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది. కోను లోపలికి దిగుతుంది కానీ దుంగ పగలదు, పగలని దుంగ ఏం చేస్తుందో పైన రాశాను. మాంసం దుకాణాల్లో కత్తి దెబ్బలు తినే కొట్టుడు మొద్దు చూశారా? అది చాలావరకు చింతే, ఆ పగలని గుణం కోసమే దాన్ని ఎంచుకుంటారు. కోత మిషన్ వాళ్ళతో జానెడున్నర మందాన అడ్డంగా బిళ్ళలు కోయించి, మీ పేటలోని మటన్ దుకాణంలో అడిగి చూడండి. పొయ్యిలో పెట్టేకన్న నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి.