చెట్టును చూసి గాలి కాలుష్యం తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, కాకపోతే అంకెల్లో కాదు. కొన్నాళ్లుగా గాలి ఎలా ఉంటోందో తెలుస్తుంది. ఆకులు సన్నని రంధ్రాల గుండా గాలి తీసుకుంటాయి. ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి వాయువులూ ఆ దారినే లోపలికి వెళ్లి కణాలను దెబ్బతీస్తాయి.

బ్లాక్ చెర్రీ చెట్టునే తీసుకోండి. ఓజోన్ ఎక్కువైతే దాని ముదురాకుల పైవైపు సూదిమొనంత నల్లటి చుక్కలు పడతాయి. అవి ఆకు ఈనెలకు, అంటే నరాలకు, మధ్యే ఉంటాయి, నరాల మీద పడవు. ఆకు తిప్పి చూస్తే అడుగున మామూలుగా ఏ మచ్చా ఉండదు. ఈ తేడా గమనించడం చాలా ముఖ్యం, లేకపోతే తెగులు అనుకుంటాం.

చెట్టు పచ్చగా ఉంటే గాలి శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. కాలుష్యాన్ని బాగా తట్టుకునే జాతులున్నాయి. అలాగే ఆకులు పసుపెక్కితే కాలుష్యమేనని తేల్చేయకూడదు, నీటి ఎద్దడి వల్ల కూడా అలా అవుతుంది.