మ్యాచ్‌లో వేలు బిగుసుకుపోతుంటే హిప్నాసిస్ పనిచేస్తుందా?

తమ్ముడూ, ఆర్చరీ (విలువిద్య) ప్రాక్టీస్‌లో 150కి 145 కొడుతున్నా మ్యాచ్‌లో 135 దాటట్లేదు, గుంటూరులో హిప్నాసిస్ చేయించుకుంటే పనవుద్దా అన్నావు కదా. నాదీ కాంపౌండే (కప్పీలుండే విల్లు), విజయవాడ, నాకూ ఇదే జబ్బు. గురి చూసే పిన్ టార్గెట్ మధ్యలో పసుపులోకి రాకముందే వేలు రిలీజ్ (స్ట్రింగ్‌ని వదిలే చేతి పరికరం) నొక్కేసేది, లేదంటే అసలు కదిలేదే కాదు. దీన్నే టార్గెట్ పానిక్ అంటారు.

హిప్నాసిస్ అంటే సినిమాల్లోలాగా గొలుసు ఊపి నిద్రపుచ్చడం కాదు, మెలకువగానే ఉంటావు, ధ్యాస మాత్రం ఒక్కచోటే ఉంటది. నేను ఎవరి దగ్గరికీ పోలా, సొంతంగానే చేసుకున్నా. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఫ్యాన్ చప్పుడు వింటూ, ఊపిరి మెల్లగా వదుల్తూ ఒకే ఒక్క బాణాన్ని ఊహించుకునేవాణ్ణి, స్ట్రింగ్ ముక్కుకి తగలడం, వీపు బిగియడం, రిలీజ్ టక్కుమనడం, అన్నీ. చివర్లో లోపల ‘నెమ్మది’ అనుకోవడం. మ్యాచ్‌లో బాణం స్ట్రింగ్‌కి తగిలించేటప్పుడూ అదే మాట. నెలన్నర పట్టింది, అబద్ధం చెప్పను.

ఇక చేసే పనిలో పూర్తిగా లీనమైపోయే స్థితి, మనస్తత్వవేత్త చిక్సెంట్‌మిహాయి 1970ల్లో ఫ్లో అని పేరు పెట్టినది, కావాలని పిలిస్తే రాదు, స్కోర్ లెక్కేసుకున్నావా వచ్చింది కూడా పోద్ది. అందుకే వారం పాటు 50 మీటర్లు మర్చిపో. నాలుగు మీటర్ల నుంచి, టార్గెట్ పేపర్ లేని బట్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) మీద, స్ట్రింగ్ లాగి గురి కుదిరాక కళ్ళు మూసుకుని వదులు, పక్కన కోచ్ ఉండాలి.

ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తా అనేవాడికి మాత్రం డబ్బులు కట్టకు. ఇంతకీ నీది బొటనవేలితో నొక్కే తంబ్ రిలీజా, చూపుడువేలితో నొక్కే ఇండెక్సా?