చుక్కలు లెక్కపెట్టిన క్లాసు

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా ల్యాబ్ బీరువాలో ఒక చిన్న టెలిస్కోప్ నాలుగేళ్లుగా పెట్టెలోనే ఉంది. దాన్ని తీసి పిల్లలతో రాత్రి పరిశీలన క్లాసు మొదలుపెడదామంటే ‘సిలబస్‌లో లేనిది ఎందుకు’ అంటున్నారు. మీరు ఉస్మానియాలో ఆస్ట్రానమీ చదివానని ఇదివరకు రాశారు. అక్కడ ఇలాంటి క్లాసు ఎలా మొదలైంది?
– ఒక లెక్చరర్, నల్గొండ

జవాబు: ముందు ఆ పెట్టె తెరవండి సార్. లెన్సుకు బూజు పట్టిందేమో చూడండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఉస్మానియాలో క్లాసు కన్నా ముందు టెలిస్కోప్ వచ్చింది. అసలు యూనివర్సిటీ కన్నా ముందే వచ్చింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ గ్రబ్ కంపెనీ వాళ్ల 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, హైదరాబాద్ ఫిసల్‌బండలో సొంతంగా వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం పెట్టుకున్నారు. దానికి నిజామియా అని పేరు. ఆయన పోయాక 1908లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు మారింది. 1918లో ఉస్మానియా పుట్టింది. మరుసటి ఏడే వేధశాలను దానికి అప్పగించారు.

అయితే ఆస్ట్రానమీ డిపార్ట్‌మెంట్ వచ్చింది 1959లో. మధ్యలో నలభై ఏళ్లు! ఆ నలభై ఏళ్లూ అక్కడ నేర్చుకున్నవాళ్లంతా పని చేస్తూ నేర్చుకున్నవాళ్లే. ఆ పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మీ క్లాసుకు అసలు మూలం అదే అని నా నమ్మకం. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు కూర్చుని, ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని నిర్ణయించి, ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ పంచారు. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ, ఆకాశ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్నది, చివరికి హైదరాబాద్ చేతికి వచ్చింది. దానికోసం కుక్ కంపెనీ వాళ్ల 8 అంగుళాల టెలిస్కోప్ పెట్టారు. పొకాక్ అనే ఆయన వేధశాల డైరెక్టర్‌గా ఉండగా పని మొదలైంది. ఆయన 1918లో కన్నుమూశాక టి.పి. భాస్కరన్ దాన్ని ముందుకు నడిపారు.

ఫొటో తీసే గాజు ప్లేటు మీద 5 మిల్లీమీటర్ల గళ్లు అచ్చవుతాయి. ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ఒకరు మైక్రోస్కోప్‌లో ఒక్కో చుక్క ఏ గడిలో ఎక్కడుందో కొలవాలి, దాని లెక్క రాయాలి, తర్వాతి చుక్కకు వెళ్లాలి. ఇలా ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు! ఉత్తరాన పోట్స్‌డామ్ వాళ్ల పట్టీలో కూడా కొంత భాగం మనవాళ్లే చేశారు. మొత్తం 12 సంపుటాలు. వాటిలో తారల స్థానాలుంటాయి, కొలిచిన చేతుల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అక్కడ అసిస్టెంట్‌గా పనిచేసిన ఒకాయన కొడుకు చిన్నప్పటి నుంచి ఆ గోపురం కిందే తిరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగానే కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. ఆయనే వేణు బప్పు. తమిళనాడు కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోప్‌కు ఆయన పేరే పెట్టారు. సిలబస్ అని అడిగేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పండి.

బేగంపేట చుట్టూ ఊరు పెరిగి వెలుతురు ఎక్కువవుతుంటే, 48 అంగుళాల టెలిస్కోప్‌ను ఇబ్రహీంపట్నం దాటాక జాపాల్, రంగాపూర్ దగ్గర గుట్ట మీద పెట్టారు. 1968లో. అప్పటికి దేశంలో అంతకన్నా పెద్దది లేదు. కె.డి. అభ్యంకర్ డైరెక్టర్‌గా ఉన్న రోజులవి. అప్పటికే, 1964లో, యూజీసీ ఆ డిపార్ట్‌మెంట్‌ను ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది.

నేను చేరింది 1979లో. రంగాపూర్‌లో మా పని గ్రహణ జంట తారలు, అంటే ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఒకదాన్నొకటి అడ్డుకునే తారలు. టెలిస్కోప్ వెనక ఫొటోమీటర్, అంటే వెలుగును కొలిచే పరికరం ఉంటుంది. నక్షత్రాన్ని చిన్న రంధ్రం మధ్యలోకి తెచ్చి నిలబెడితే, వెలుగు దాన్ని విద్యుత్తుగా మార్చే ఫొటోమల్టిప్లయర్ ట్యూబ్ మీద పడుతుంది, పక్కన చార్ట్ కాగితం మీద పెన్ను లేస్తుంది. ముందు పోలిక తార, తర్వాత దాని పక్కన ఉత్త ఆకాశం, తర్వాత మన తార, మళ్లీ ఆకాశం, మళ్లీ పోలిక తార. ప్రతిసారీ పసుపు, నీలం, అతినీలలోహిత ఫిల్టర్లు మార్చాలి. తెల్లవారేదాకా ఇదే. పోలిక తార ఎందుకంటే, పల్చటి మబ్బు కమ్మినా, గాలిలో దుమ్ము పెరిగినా రెండు తారలూ కలిసే మసకబారతాయి. అప్పుడు తేడా మాత్రం అలాగే నిలబడుతుంది.

ఒక రాత్రి నేను పెన్ను గీతల పక్కన టైమ్ రాశాను కానీ ఫిల్టర్ పేరు రాయలేదు. పొద్దున చూస్తే అన్ని గీతలూ ఒకేలా ఉన్నాయి. ఏది నీలమో, ఏది పసుపో తెలియదు. రాత్రంతా చలిలో నిలబడ్డ పని మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. మా సార్ కోప్పడలేదు, ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టుకోమన్నారు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మా బ్యాచ్ అదృష్టం ఇంకొకటి: 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా రంగాపూర్ మీదుగా వెళ్లింది. నాకు ఇచ్చిన పని నిమిషానికొకసారి థర్మామీటర్ చూసి అంకె గట్టిగా చెప్పడం. నా స్నేహితురాలు రాసుకుంది. తల పైకెత్తి కరోనాను, అంటే మూసుకున్న సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లటి వెలుగును చూసింది ఎంతసేపో నాకే తెలియదు, కానీ ఉష్ణోగ్రత పట్టికలో ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు.

ఇక మీ ప్రిన్సిపాల్ గారికి ఇలా చెప్పి చూడండి: ఫొటో విద్యుత్ ఫలితం, లాగరిథమ్‌లు, దోషాల లెక్క, దూరం పెరిగే కొద్దీ కాంతి తగ్గే సూత్రం, ఇవన్నీ సిలబస్‌లో ఉన్నవే. రాత్రి క్లాసు వాటికి ప్రాక్టికల్ మాత్రమే.

ప్రశ్న: 48 అంగుళాల టెలిస్కోప్ అంటే దాని పొడవు నాలుగు అడుగులేనా?
– ఇంటర్ విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: కాదమ్మా, అది అద్దం వెడల్పు, అంటే 122 సెంటీమీటర్లు. టెలిస్కోప్ శక్తి ప్రధానంగా అది ఎంత వెలుగును పోగుచేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే పొడవు కాకుండా వెడల్పు చెబుతాం.

ప్రశ్న: హైదరాబాద్ సంగతి సరే, మా వైపు ఏమీ లేదా?
– ఒక టీచర్, విశాఖపట్నం

జవాబు: నిజామియా కన్నా అరవై ఏళ్లు ముందే మీ ఊళ్లో ఉంది! 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లోని తన ఇంట్లోనే వేధశాల కట్టించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబర్ 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. మీ పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: టెలిస్కోప్ లేనివాళ్లు కొలవగలిగింది ఏదైనా ఉందా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఉంది, ఆల్గాల్. చలికాలం సాయంత్రాల్లో కృత్తికలకు కాస్త ఉత్తరంగా, పెర్సియస్ మండలంలో కనిపిస్తుంది. ఇదీ గ్రహణ జంటే. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి దాని వెలుగు 2.1 నుంచి 3.4కు పడిపోతుంది (తారల వెలుగు కొలమానంలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). తగ్గడానికి సుమారు ఐదు గంటలు, మళ్లీ పెరగడానికి ఐదు గంటలు. 1783లో ఈ కాలాన్ని ప్రకటించిన గుడ్రిక్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. చెవులు వినిపించవు. మామూలు కళ్లతోనే చూశాడు.

మీ పోలిక తారలు ఇవి: గామా ఆండ్రోమెడే 2.1, ఎప్సిలాన్ పెర్సీ 2.9, కప్పా పెర్సీ 3.8. ఆల్గాల్ ఏ రెండింటి మధ్య ఉందో అరగంటకొకసారి అంచనా వేయండి. తేదీ, టైమ్, మబ్బు ఉందా లేదా, అన్నీ ఆ క్షణమే రాయండి. పొద్దున రాద్దామనుకోవద్దు. రెండు కనిష్ఠాలు, అంటే వెలుగు అతి తక్కువగా ఉన్న క్షణాలు దొరికాక మీ నోట్‌బుక్ పేజీ నకలు నాకు పంపండి, లెక్క కలిసి చేద్దాం.