సొంత పోర్ట్రెయిట్ ప్రాజెక్ట్‌కి ఐడియా ఎక్కడినుంచి వస్తుంది?

ఆర్డర్ల మీద ఫొటోలు తీసీ తీసీ విసుగొచ్చిందనీ, మీకంటూ ఒక పోర్ట్రెయిట్ (మనుషుల ఫొటోల) ప్రాజెక్ట్ చేసుకోవాలని ఉన్నా ఏమీ తట్టడం లేదనీ రాశారు. నాకూ రెండేళ్లు ఇదే గోల. ఐడియా కోసం కూర్చున్నన్ని రోజులూ ఒక్కటీ రాలేదు. చివరికి ఒక తప్పు చేస్తే వచ్చింది.

నా బట్టలు కుట్టే టైలర్ మాస్టారికి ఫొటో తీస్తానని ఎప్పుడో మాటిచ్చాను. ఒకరోజు కిటికీ పక్కన స్టూల్ వేసి కూర్చోబెట్టాను. మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపు ఫ్రేమ్‌లో అడ్డంగా కనిపించింది. "మాస్టారూ, ఆ టేపు కాస్త తీసి పక్కన పెట్టండి" అన్నాను. తీసేశారు. అంతే, బిగుసుకుపోయారు. కుడిచెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి వెళ్లడం, అక్కడ ఏమీ దొరక్క ఒళ్లోకి వచ్చి పడటం. నలభై ఫ్రేములు తీస్తే నలభయ్యీ పాస్‌పోర్ట్ ఫొటోల్లానే వచ్చాయి. ఇక చాల్లే అని లెన్స్‌కి మూత పెడుతుంటే ఆయన టేపు అందుకుని మెడలో వేసుకుని, రెండు కొసలూ పట్టుకుని సమంగా లాక్కున్నారు. బిగదీసుకున్న భుజాలు దిగాయి. గబగబా మూత తీసి మూడు నొక్కాను. పనికొచ్చినవి ఆ మూడే.

నా ప్రాజెక్ట్ అలా మొదలైంది: మనుషులు, రోజంతా వాళ్ల చేతిలో ఉండే వస్తువు. కొత్తదేం కాదులెండి. జర్మనీలో ఆగస్ట్ సాండర్ అనే ఫొటోగ్రాఫర్ దాదాపు ఇలాంటి పనే జీవితమంతా చేశాడు. 1928లో ఆయన తీసిన మిఠాయిల వంటవాడి ఫొటో వెతికి చూడండి. పెద్ద గిన్నె, గరిటె పట్టుకుని రాజులా నిలబడి ఉంటాడు. 1929లో ఆయన 60 పోర్ట్రెయిట్లతో పుస్తకం వేస్తే, 1936లో నాజీలు దాని అచ్చు పలకల్ని ధ్వంసం చేశారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1950, 51లలో పారిస్, లండన్, న్యూయార్క్‌లలో చేతిపనులవాళ్లని వాళ్ల పనిబట్టల్లో, పనిముట్లతోనే స్టూడియోకి రప్పించి, సాదా తెర ముందు నిలబెట్టి తీశాడు. వెనక ఏమీ లేకపోయేసరికి చూపంతా మనిషి మీదా, చేతిలో ఉన్నదాని మీదా పడుతుంది. నేను సాదా బూడిదరంగు గుడ్డ కట్టడం అక్కడ నేర్చుకున్నదే.

దీనికి అడ్డం తిరిగే కథ కూడా ఒకటుంది. 1941 డిసెంబర్ 30న కెనడాలోని ఒటావాలో ఫొటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్, అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడు. ఆ కోపంలోనే ప్రపంచమంతా ఎరిగిన ఫొటో వచ్చింది. అంటే వస్తువు లాక్కున్నా ఫొటో వస్తుందన్నమాట! కానీ చర్చిల్ కెమెరాలకి అలవాటుపడిన మనిషి, కోపం వస్తే చూపించగలడు. మా మాస్టారికి కోపం రాలేదు, మొహమాటం వచ్చింది. మొహమాటం ఫొటోలో అస్సలు బాగుండదు.

నాకు బాగా ఉపయోగపడిన ఇంకో సంగతి అమెరికన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ దగ్గర దొరికింది. 1979 నుంచి 1984 దాకా అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో తెల్ల కాగితం ముందు మామూలు జనాన్ని తీస్తున్నప్పుడు, ఆయన పెద్ద కెమెరా వెనక దాక్కోకుండా పక్కన నిలబడేవాడు. నేనూ ఇప్పుడు కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, రిమోట్ చేత్తో పట్టుకుని పక్కన నిలబడతాను. మాటల మధ్యలో ఎప్పుడు నొక్కానో ఎదుటివాళ్లకి తెలీదు. ఫోకస్ తప్పిన ఫ్రేములు ఎక్కువే వస్తాయి, అది భరించాల్సిందే.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకే కిటికీ, మొహాలు తీయడానికి వాడే 85 ఎం.ఎం. లెన్స్ ఒకటి, నీడ వైపు మరీ నల్లబడితే అటు వెలుతురు మళ్లించడానికి ఒక తెల్ల థర్మకోల్ షీటు. మరీ దగ్గరికి మాత్రం జరగకండి. ఒక మీటరు లోపలికి వస్తే ఏ లెన్స్‌తో తీసినా ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పోతాయి.

ఇన్‌స్టాగ్రామ్ చూసి స్ఫూర్తి పొందడం నావల్ల కాలేదు. అక్కడ లైటింగ్ ఎలా పెట్టారో తెలుస్తుంది, ఆ మనిషినే ఎందుకు ఎంచుకున్నారో తెలీదు. నేనూ ఆరు నెలలు అవి చూసి కాపీ కొట్టాను. ఆ ఫోల్డర్ ఇప్పుడు తెరవాలన్నా సిగ్గేస్తుంది.

ఇప్పటికి ఇరవైమూడు మందిని తీశాను. నిజంగా బాగున్నవి ఐదో ఆరో. ఇద్దరు మధ్యలో వద్దన్నారు, వాళ్ల ఫైళ్లు వాళ్ల ముందే తీసేశాను. మిగతా అందరికీ తలా ఒక ప్రింటు ఇచ్చాను. మాస్టారు తనది కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చాలాసేపు చూశారు. మొహం గురించి ఏమైనా అంటారేమోనని నాకు టెన్షన్. ఆయన వేలితో చొక్కా కాలర్ చూపించి, "ఇక్కడ కుట్టు వంకర పోయింది చూశావా, ఇది నేను కుట్టింది కాదు బాబూ" అన్నారు.