ప్రెస్సు మాటలు తలకెక్కడం లేదంటున్న అబ్బాయికి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తిచేసి విజయవాడలో ఒక ప్రెస్సులో డీటీపీ పనికి చేరాడు. అక్కడివాళ్లు ఫారం, బ్లీడ్, రిజిస్ట్రేషన్, జీఎస్ఎం అంటుంటే ఏమీ అర్థం కావడం లేదని, మానేస్తానని అంటున్నాడు. అంతా డిజిటల్ అవుతున్న రోజుల్లో ఆఫ్‌సెట్ నేర్చుకోవడం అవసరమేనా?
— ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి ఆ మాటలను పాఠంలా కంఠస్థం చేయాలని చూస్తున్నట్టుంది. ప్రెస్సులో ప్రతి మాట వెనకా కాగితమో, ప్లేటో, డబ్బో ఉంటుంది కాబట్టి, వాటిని పట్టుకుంటే మాట దానంతటదే గుర్తుంటుంది.

ముందుగా ఫారం సంగతి చూద్దాం. డెమ్మీ అన్నది ఒక కాగితం సైజు. దాన్ని ఎనిమిది ఆకులుగా మడిస్తే వచ్చే 1/8 డెమ్మీ పుస్తకంలో ఒక డెమ్మీ షీటు రెండు వైపులా కలిపి 16 పేజీలు పడతాయి. అదే ఒక ఫారం. 160 పేజీల పుస్తకం పది ఫారాలు కనుక, వెయ్యి ప్రతులకు పదివేల డెమ్మీ షీట్లు, అంటే ఐదు వందల షీట్ల రీము లెక్కన ఇరవై రీములు, దానికి రెట్టింపు సైజైన డబుల్ డెమ్మీలో అయితే పది రీములు కావాలి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. 23×36 అంగుళాల డబుల్ డెమ్మీ రీము 70 జీఎస్ఎంలో దాదాపు 18.7 కిలోలు ఉంటుంది. వృథా అయ్యే షీట్లను దీనికి కలిపి ఈ లెక్క నోటితో చెప్పగలిగిన కుర్రాణ్ణి ఏ యజమానీ వదులుకోడు.

ఆఫ్‌సెట్‌లో ప్లేటు అనే పల్చని రేకు మీద బొమ్మ ఉన్నచోట నూనె గుణం గల సిరా, లేనిచోట నీటి తడి నిలుస్తాయి. ఆ బొమ్మ ముందు రబ్బరు బ్లాంకెట్ మీదికి, అక్కడినుంచి కాగితం మీదికి దిగుతుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు రంగులకు వేర్వేరు ప్లేట్లు కాబట్టి ఫోర్ కలర్ పనిలో ఒక్కో వైపుకు నాలుగు ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది. యాభై ప్రతులకు అది గిట్టుబాటు కాదు, వేలల్లో వేస్తే ప్రతికి పైసల్లోకి దిగిపోతుంది. డిజిటల్‌లో ప్లేటే లేనందున మొదటి ప్రతికీ వందో ప్రతికీ ఖర్చు ఇంచుమించు ఒకటే. అందువల్ల ఒకటి వచ్చి రెండోదాన్ని మింగేస్తుందన్న భయం అక్కరలేదు. ఏ పనిని ఏ మిషనుకు పంపాలో తేల్చగలగడమే నైపుణ్యం.

ఆ నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి కచ్చితంగా కూర్చోవడాన్ని రిజిస్ట్రేషన్ అంటారు. తెలుగు డీటీపీ చేసేవాడికి ఇది మరీ ముఖ్యం. నల్లని అక్షరాన్ని నాలుగు రంగుల మిశ్రమంగా పంపితే, వెంట్రుకవాసి జరిగినా చిన్న ఒత్తుల చుట్టూ రంగు నీడలు కనిపిస్తాయి. అక్షరాలను ఒక్క నలుపు ప్లేటులోనే ఉంచాలి. లూప్ అనే చిన్న భూతద్దంతో చెడిపోయిన షీటును ఒక్కసారి చూస్తే ఈ పాఠం మరచిపోడు.

నేనూ ఒకసారి మా సంస్థ కరపత్రాన్ని ఆర్‌జీబీ, అంటే తెర కోసం వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఫైలుగానే పంపాను. తెరమీద మెరిసిన నీలం కాగితం మీద వాడిపోయిన ఊదాగా వచ్చింది. కోత కాస్త జరిగినా తెలుపు కనబడకుండా అంచుల బయటికి రంగును పొడిగించడాన్ని బ్లీడ్ అంటారు. ఆ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కూడా వదలలేదేమో, కటింగ్‌లో కొన్నిటికి తెల్లగీత మిగిలింది. తప్పు పూర్తిగా నాదే.

కాబట్టి ఇప్పుడే మానిపించకండి. ఆరు నెలలు డీటీపీతో పాటు రోజూ ఒక గంట ప్లేట్లు, మిషను, కటింగ్ దగ్గర నిలబడనివ్వమని యజమానిని అడగండి. ఆ తర్వాతా ఆసక్తి నిలిస్తే సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థలో డిప్లొమా ఉంది. దానికి రాయాల్సిన పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ పదో తరగతి పాఠ్యాంశాల మీదే ఉంటుంది. స్థానికత నిబంధనలను మాత్రం ఆ ఏటి ప్రకటనలో సరిచూసుకోండి.