రోజూ ఒక చిన్న గ్వాష్ స్టిల్ లైఫ్: ఆరాక రంగులు చప్పబడుతుంటే

రోజుకో చిన్న స్టిల్ లైఫ్ (ఎదురుగా పెట్టుకున్న వస్తువుల బొమ్మ) గ్వాష్‌లో, అంటే నీళ్లతో కలిపే చిక్కటి రంగుల్లో వేస్తున్నానని, ఆరాక రంగులు చప్పబడి మట్టిమట్టిగా కనిపిస్తున్నాయని, పైగా వేయడానికి కొత్త వస్తువులు కూడా దొరకడం లేదని అడిగారు. కొన్నేళ్లుగా పొద్దున్నే నేనూ ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఆరాక రంగు మారడం మీ చేతి లోపం కాదు, గ్వాష్ స్వభావమే అంత. లేత రంగులు కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త తేలిపోతాయి. దాంతో వెలుగుకీ నీడకీ మధ్య తేడా తగ్గి బొమ్మ చప్పగా అవుతుంది. నేను రంగు కలపగానే అదే రకం కాగితం ముక్క మీద కొంచెం పూసి, పూర్తిగా ఆరాక చూసి, అప్పుడే బొమ్మలో వాడతాను. విసుగు పుట్టించే పనే. కానీ రోజూ చేస్తుంటే ఏ రంగు ఎంత మారుతుందో తడి మీదే తెలిసిపోతుంది. రోజూ వేయడంలో అసలు లాభం ఇదేనని నా నమ్మకం. నెలకో పెద్ద బొమ్మ వేసేవాళ్లకి ఈ అంచనా అంత త్వరగా రాదు.

లేత రంగు కావాలనగానే చెయ్యి తెలుపు మీదికి వెళ్తుంది. తెలుపు రంగుని లేతగా చేయడంతో ఆగదు, చల్లగా కూడా చేస్తుంది. వెలుగు పడిన నిమ్మకాయకి తెలుపుతో పాటు చిటికెడు వెచ్చటి పసుపు కలిపి చూడండి. నీడకి నలుపు బదులు ఎదురు రంగు కొద్దిగా కలపండి: పసుపుకి ఊదా, ఎరుపుకి ఆకుపచ్చ.

ఇక ఆ మట్టిరంగు. గ్వాష్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది గమ్ అరబిక్ అనే చెట్టు జిగురు. ఆరిపోయాక కూడా నీళ్లు తగిలితే అది మళ్లీ కరుగుతుంది. పై పొర వేసేటప్పుడు బ్రష్‌తో రుద్దితే కింది రంగు లేచి కలిసిపోతుంది. అందుకే రెండో పొరని మీగడంత చిక్కగా కలిపి, ఒక్కసారి పెట్టి చెయ్యి తీసేయాలి. బ్రష్ కడగడానికి ఒక గ్లాసు, రంగు కలపడానికి ఇంకో గ్లాసు నీళ్లు పెట్టుకోండి. ఇదే గుణం మేలూ చేస్తుంది. గట్టిగా వచ్చిన అంచుని తడి బ్రష్‌తో తాకితే మెత్తబడుతుంది. నాకు గ్వాష్ ఇష్టం కావడానికి సగం కారణం అదే.

కొత్త వస్తువుల కోసం వెతకొద్దు. ఇటలీ చిత్రకారుడు జార్జియో మొరాండి (1890-1964) బొలోన్యాలోని తన గదిలో అవే సీసాలు, జాడీలు, పెట్టెలు దశాబ్దాల పాటు వేశాడు. ఎక్కువగా ఆయిల్ రంగుల్లోనే అనుకోండి, అయినా విషయం అదే. ఒక తెల్ల కప్పు తీసుకోండి. ఈరోజు దీపం ఎడమవైపు పెడితే రేపు వెనక పెట్టండి, తర్వాత కప్పు కింద ఎర్రగుడ్డ వేయండి. ఆ ఎరుపు కప్పు అడుగున ఎలా ప్రతిఫలిస్తుందో చూస్తే అది ఇక తెల్ల కప్పులా అనిపించదు. దీపం పెట్టుకున్నప్పుడు కిటికీ మూసేయండి, లేకపోతే రెండు వైపులా నీడలు పడి గందరగోళం అవుతుంది.

బొమ్మ పోస్ట్‌కార్డు సైజు దాటనివ్వకండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి ముదురు, మధ్యస్థం, లేత అనే మూడు ముక్కలు మిగులుతాయి. ముందు వాటిని వెడల్పాటి బ్రష్‌తో నింపండి. ఆ దశలోనే వస్తువు గుర్తుపట్టేలా ఉంటే మిగతా పని తేలిక.

ఒకసారి ట్యూబ్ మీద ఏం రాసి ఉందో కూడా చూడండి. అది అక్రిలిక్ గ్వాష్ అయితే ఆరాక నీళ్లకి కరగదు, కాబట్టి అంచులు మెత్తబరిచే పద్ధతి దానికి పనికిరాదు. ప్యాలెట్ మీద ఎండిపోయిన రంగు కూడా మళ్లీ వాడుకోవడానికి రాదు.