ధ్వని వేగాన్ని దాటే రాకెట్లు ఉద్యోగానికి పనికివస్తాయా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ధ్వని వేగాన్ని మించి ఎగిరే రాకెట్లు తయారుచేసే విద్యార్థి బృందంలో చేరి సెలవులన్నీ దానికే వెచ్చిస్తున్నాడు. ఇందులో ప్రమాదం లేదా? రేపు ఉద్యోగానికి ఉపయోగపడుతుందా? – ఒక తండ్రి

సమాధానం: ఇలాంటి శక్తిమంతమైన ‘హై పవర్’ రాకెట్లను అమెరికాలో ఎవరు పడితే వారు, ఎక్కడ పడితే అక్కడ ఎగరవేయడానికి వీల్లేదు. గగనతలానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అనుమతి ఉండాలి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్ అనే సంస్థలు మూడు స్థాయిల ధ్రువపత్రాలు ఇస్తాయి. మొదటి స్థాయిలో హెచ్, ఐ తరగతుల మోటార్లు, రాతపరీక్ష నెగ్గాక రెండో స్థాయిలో జె, కె, ఎల్, మూడో స్థాయిలో ఎం, ఆపైవి వాడవచ్చు. అక్షరం ఒక్కటి పెరిగితే మోటారు రాకెట్‌కు ఇచ్చే మొత్తం తోపుడు (ప్రచోదన) పరిమితి రెట్టింపవుతుంది. మీ అబ్బాయి ఏ స్థాయికి చేరాడో అడగండి.

ఇక ఉపయోగం సంగతి. ధ్వని వేగం దగ్గర తరగతి గది లెక్కలు తడబడతాయి. అప్పుడు ఏర్పడే షాక్‌వేవ్ (అఘాత తరంగం) గాలి పీడనాన్ని ఒక్కసారిగా మార్చడంతో, పీడనాన్ని బట్టి ఎత్తును లెక్కించే ఆల్టిమీటర్ రాకెట్ శిఖరానికి చేరిందని పొరబడి, ఇంకా మహావేగంలో ఉండగానే పారాచూట్‌ను విడిచిపెట్టవచ్చు. అది చిరుగుతుంది, ఒక్కోసారి రాకెట్టే ముక్కలవుతుంది. రాకెట్‌ను నిటారుగా నిలిపే తోక రెక్కలు (ఫిన్లు) తగినంత దృఢంగా లేకపోతే ఫ్లటర్ అనే కంపనం వాటిని ఊడగొడుతుంది. 15 డిగ్రీల గాలిలో మాక్ 2, అంటే ధ్వనికి రెట్టింపు వేగానికి చేరితే ముక్కు కొన దగ్గర గాలి సుమారు 245 డిగ్రీలకు వేడెక్కుతుంది. మామూలు ఎపాక్సీ జిగురు అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కొన్ని సెకన్లపాటే ఉండే ఆ వేడిని తట్టుకునే పదార్థాన్ని ఎంచుకోవడం, ముందుగా సిమ్యులేషన్ చేయడం, ఎగిరాక వచ్చిన డేటాతో దాన్ని సరిపోల్చడం అసలైన ఇంజనీరింగ్. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల రాకెట్ 2019లో 100 కిలోమీటర్ల ఎత్తును దాటింది, 2024లో మరొకటి సుమారు 143 కిలోమీటర్లకు చేరింది. ఇది పిల్లల ఆట కాదు.

అయితే రెజ్యూమేలో ‘మాక్ 2 సాధించాం’ అన్న వాక్యానికి నేను పెద్ద విలువ ఇవ్వను. కూలిన రాకెట్ ఎందుకు కూలిందో, తర్వాతి నమూనాలో ఏం మార్చారో, ఆ మార్పులో తన వంతు ఎంతో రెండు పేజీల్లో చెప్పగలిగినవాడే ఇంటర్వ్యూలో నిలుస్తాడు.

మీకు ఎవరూ ముందుగా చెప్పని మాట ఒకటుంది. ఐటార్ అనే ఎగుమతి నియంత్రణ నిబంధనల వల్ల అమెరికా రాకెట్ సంస్థలు చాలా ఉద్యోగాలను పౌరులకు, శాశ్వత నివాసులకు, శరణార్థులకు పరిమితం చేస్తాయి. మీ అబ్బాయి విద్యార్థి వీసాపై ఉంటే, ఎంత ప్రతిభ ఉన్నా ఆ తలుపులు తెరుచుకోకపోవచ్చు. అందువల్ల బృందంలో కాంపోజిట్ పదార్థాలు, ఎలక్ట్రానిక్స్, నిర్మాణ విశ్లేషణ వంటి ఒక విభాగాన్ని పట్టుకుని లోతుగా నేర్చుకోమనండి. వాహన, పవన విద్యుత్, వైద్య పరికరాల పరిశ్రమలకూ అవే నైపుణ్యాలు కావాలి. ప్రయోగాల ఒత్తిడి పరీక్షల రోజుల మీద పడితే మాత్రం, ఆ సెమిస్టర్‌లో బాధ్యత తగ్గించుకోమని బృంద నాయకుడికి ముందే చెప్పడం మంచిది.